బలం కులంలో లేదు, కూట్లో ఉంది
(పోలీసు ఎంపికకు పరుగు నేర్చుకునే మన పిల్లల ముందు చేసిన ప్రసంగ పాఠం)



కానిస్టేబుల్ ఉద్యోగం రావాలంటే 1600 మీటర్లు పరిగెత్తాల. మన వాడల పిల్లోళ్లు తెల్లారకముందే లేచి, ఉత్త టీనీళ్లు తాగి గ్రౌండుకు పోతా ఉండారు. రెండో రౌండుకే ఆయాసం, కళ్లు తిరగడం. చూసేవాళ్లు "వీళ్లకు దమ్ము లేదు" అంటారు. దమ్ము పుట్టుకతో రాదు, కూటితో వస్తుంది అని మేము చెబుతున్నాం.

ఊరికే అనడం లేదు. చిత్తూరు మద్రాసు రాష్ట్రంలో ఉన్న కాలంలో, అదే రాష్ట్రంలోని కూనూరులో మెకారిసన్ అనే తెల్ల డాక్టరు 1920లలో ఒక ప్రయోగం చేసినాడు. ఒకే జాతి ఎలుకలను గుంపులు చేసి, ఒక్కో గుంపుకు ఒక్కో ప్రాంతం తిండి పెట్టినాడు. గోధుమ రొట్టె, పాలు, పప్పు, కూరగాయలు, అప్పుడప్పుడు మాంసం తిన్నవి ఏపుగా పెరిగినాయి. మరపట్టిన తెల్లబియ్యం మీద బతికినవి గిడసబారినాయి. జాతి ఒకటే, తేడా తిండిది. రక్తంలోనే బలముందనే వాళ్లకు ఆ ఎలుకలే జవాబు.

పరిగెత్తే కాలికి మంటా కావాల, గాలీ కావాల. అన్నం, సంగటి మంటనిస్తాయి. గాలిని మోసేది నెత్తురులోని హిమోగ్లోబిన్. దానికి ఇనుము కావాల. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన రాష్ట్రంలో 15-49 ఏళ్ల ఆడవాళ్లలో నూటికి 58.8 మందికి రక్తహీనత. కలుపు తీసేదీ వాళ్లే, కడాన తినేదీ వాళ్లే!

మరి ఏం తినాల? 100 గ్రాముల రాగుల్లో 340 మిల్లీగ్రాములకు పైగా సున్నం ఉంది. తెల్లబియ్యంలో అందులో పదోవంతు కూడా లేదు. 100 గ్రాముల శెనక్కాయ విత్తనాల్లో దాదాపు 25 గ్రాముల మాంసకృత్తులు. మన సంగటిని చూసి నవ్వినోళ్లే ఇప్పుడు తిరుపతి హోటళ్లలో దుడ్లిచ్చి తింటా ఉండారు. ఆకుకూరలోని ఇనుము కొంచెమే ఒంటబడుతుంది. నిమ్మకాయో జామకాయో తోడైతే ఇంకాస్త పడుతుంది. తిన్న వెంటనే టీ తాగితే అదీ పోతుంది. మాంసంలోని ఇనుము సులువుగా ఒంటబడుతుంది. పెద్దకూరను నీచమన్నవాళ్లు మన నెత్తురుకు లెక్క చెబుతారా?

రాత్రి కడుపునిండా తినండి. తెల్లారి పరుగుకు ముందు ఒక అరటిపండో, గ్లాసు రాగిజావో చాలు. పరుగయినాక గుడ్డు, శెనక్కాయలు, సంగటి తినండి. ఎండపూట ఉప్పేసిన అంబలి తాగండి. డబ్బాల పొడికి అప్పు చేయొద్దు. మాటిమాటికీ కళ్లు తిరిగితే సర్కారు ఆసుపత్రిలో నెత్తురు పరీక్ష చేయించుకోండి. హిమోగ్లోబిన్ మగవాళ్లకు 13, ఆడవాళ్లకు 12 కంటే తగ్గితే మందు అవసరం.

అయితే బుద్ధి చెబితే కడుపు నిండదు. సెంటు భూమి లేనోడు రాగులు యాడ పండిస్తాడు? కూలి పెరగాల. రేషన్‌లో బియ్యంతో పాటు రాగులు, పప్పు తప్పకుండా ఇవ్వాల. బడిలో వండిన అన్నం ఎవరి ధర్మమూ కాదు, 2001 నవంబర్ 28న సుప్రీంకోర్టు ఆదేశించిన హక్కు. గుడ్డు ప్రతి బిడ్డ పళ్లెంలో పడిందా లేదా అని వాడవాడా తల్లులు పోయి చూడాల. పడకపోతే నిలదీయాల.

జై భీమ్!