ఇంటి గచ్చు మీద గోల్ఫ్ సాధన

గోల్ఫ్ అనగానే మనకు స్ఫురించునది విశాలమైన పచ్చిక బయలు, దూరమున ఎగురుచున్న చిన్న జెండా, కర్రల సంచి మోయు సహాయకుడు; వీటికి తోడు ధనము, ధనమునకు మించిన తీరిక. ఈ భావమున కొంత నిజము లేకపోలేదు. కాని ఆ ఆటలో ఒక పెద్ద భాగము పచ్చికతో గాని, భుజబలముతో గాని పని లేనిది. బంతి రంధ్రమునకు సమీపించిన తరువాత దానిని గాలిలోనికి లేపక నేల మీదనే దొర్లించి రంధ్రమున పడవేయుదురు. దీనికి పటింగ్ అని పేరు; అందుకు వాడు కర్ర పటర్. ఆంగ్లాక్షరములు చూచి 'పుటింగ్' అని చదువువారు కలరు గనుక, ఇది రేడియోలో చెప్పు మాట గనుక, ఉచ్చారణ ముందే మనవి చేయుచున్నాము.

18 రంధ్రముల మైదానమునకు సాధారణముగా 72 దెబ్బలు ప్రమాణము. అందు రంధ్రమునకు 2 చొప్పున 36 దెబ్బలు పటింగ్ కొరకే లెక్కకట్టినవి. ఆరితేరినవారు ఇంతకంటె తక్కువతో ముగింతురు. అయినను వారి దెబ్బలలో నూటికి 40 అటునిటుగా ఈ కర్రతో కొట్టినవే. ఇంత ప్రాముఖ్యము గల భాగమును ఇంటిలో, చాప పరచినంత చోటులో అభ్యసింపవచ్చునా యనునది నేటి ప్రసంగ విషయము. అభ్యసింపవచ్చును, కాని అంతయు కాదు. ఇల్లు ఏది నేర్పగలదో, ఏది నేర్పజాలదో తెలియక సాధన చేసినచో లాభమునకు బదులు చెడ్డ అలవాటు చేతికంటును.

శంషాబాదు పరిసరముల నివసించువారిని మనసున నుంచుకొని ఈ మాటలు చెప్పుచున్నాము. 2008 మార్చిలో బేగంపేట నుండి ప్రయాణికుల విమానముల రాకపోకలు ఇచ్చటి రాజీవ్ గాంధీ అంతర్జాతీయ విమానాశ్రయమునకు మారినవి. పొలములు, రాతిగుట్టలు, అమ్మపల్లి సీతారామచంద్రస్వామి గుడికి పోవు బాట గల ఈ తావున నేడు అంతస్తుల ఇండ్లు వరుసలు తీరినవి. విమానాశ్రయమున పని గడియారమును బట్టి నడచును గాని సూర్యుని బట్టి నడువదు. రాత్రి డ్యూటీ ముగించి తెల్లవారుజామున ఇల్లు చేరువారు, పట్టపగలు నిద్రించి సాయంత్రము పనికి బయలుదేరువారు ఇచ్చట ఎందరో కలరు. నగరములోని మైదానములు వీరికి దగ్గర గావు. గోల్కొండ కోటలోని నయా ఖిల్లా ఆవరణమున ఒకటి, గచ్చిబౌలి వైపు బౌల్డర్ హిల్స్ అనునది ఒకటి, సికింద్రాబాదు కంటోన్మెంటులో సైన్యము వారిది ఒకటి కలవు. ఏ ఒక్కదానికి పోవలెనన్నను దారి దూరమే. అచ్చట అడుగు పెట్టుటకు సభ్యత్వమో, రుసుమో కావలెను. నయా ఖిల్లాకు పోగలిగినవారు ఆట సంగతి ఎట్లున్నను అచ్చటి పురాతనమైన ఆఫ్రికా జాతి మహావృక్షమును, హత్తియాన్ చెట్టును, తప్పక చూడదగును. పోలేనివారి సంగతియే మన విషయము.

ముందుగా కొలతలు తెలిసికొందము. గోల్ఫ్ రంధ్రము అడ్డుకొలత 4.25 అంగుళములు, అనగా 10.8 సెంటీమీటర్లు. ఈ కొలతను 1891 లో స్కాట్లండులోని సెయింట్ ఆండ్రూస్ పెద్దలు స్థిరపరచిరి. బంతి అడ్డుకొలత 4.27 సెంటీమీటర్లకు తగ్గరాదు, బరువు 45.93 గ్రాములకు మించరాదు. ఇప్పుడు చిన్న లెక్క. సమతలమున 10 అడుగుల దూరమునుండి మెల్లగా దొర్లు బంతి రంధ్రమున పడవలెనన్న అది బయలుదేరు దిక్కు ఇటు గాని అటు గాని ఒక డిగ్రీ కంటె తప్పరాదు. గడియారపు ముఖము మీద ఒక నిమిషపు గీతకు, తరువాతి గీతకు నడుమ 6 డిగ్రీలు కలవు. అందులో ఆరవ వంతు! దూరము 5 అడుగులైనచో 2 డిగ్రీల వరకు వెసులుబాటు లభించును. అమెరికా పోటీలలో ఆడు వృత్తి ఆటగాండ్రు సైతము 8 అడుగుల నుండి కొట్టిన బంతులలో సుమారు సగము మాత్రమే రంధ్రమున వేయుదురు. 3 అడుగుల నుండి తప్పుట మాత్రము వారికి మిక్కిలి అరుదు.

ఈ ఒక్క డిగ్రీకి గల విలువ ఎట్టిదో బెంగుళూరు క్రీడాకారిణి అదితి అశోక్ ఆటను చూచినవారు ఎరుగుదురు. 2021 ఆగస్టులో జరిగిన టోక్యో ఒలింపిక్ క్రీడలలో ఆమె నాలుగు దినములు ఆడి 269 దెబ్బలతో నాలుగవ స్థానమున నిలిచెను. కాంస్య పతకము పొందిన న్యూజీలాండు క్రీడాకారిణి లెక్క 268. దూరముగా కొట్టు బలమున అదితి చాలమంది కంటె వెనుకబడినదే. ఆమెను అంతవరకు నిలిపినది పటర్. ఆ నాలుగు దినములు కర్రల సంచి మోసి వెంట నడచినది ఆమె తల్లియే. గోల్ఫ్ పురుషుల వ్యాపకమని తలంచు ఇండ్లలో ఈ సంగతి ఒకమారు చెప్పుకొనుట మంచిది.

బంతి బయలుదేరు దిక్కును నిర్ణయించునది ఏది? చేతుల ఊపు కొంత; అంతకంటె ఎంతో ఎక్కువగా, బంతిని తాకిన క్షణమున పటర్ ముఖము ఎటు చూచుచున్నదో అది. ఇదే ఇంటిలో నేర్వదగినది. దీనికి పెద్ద హాలు అక్కరలేదు. బంతికి ఎదురుగా ఒక అడుగు దూరమున రెండు అగ్గిపెట్టెలు నిలుపుడు. బంతి వాటి నడుమ పోవునప్పుడు ఇరుప్రక్కల అర సెంటీమీటరు చొప్పున మాత్రమే ఖాళీ మిగులునట్లు అమర్చుడు. ఆ ద్వారమును తగులక దాటిన బంతి, సమతలమున 10 అడుగుల రంధ్రమునకు సరియైన దిక్కున బయలుదేరినట్లే. లెక్క చేసి చూచుకొనవచ్చును. మూడడుగుల చోటు, ఎదురుగా ఒక మడచిన దుప్పటి ఉన్న చాలును.

మన ఇండ్ల నేలలే ఇందుకు మరియొక విధమున తోడ్పడును. షాబాదు బండలు పరచిన ఇంటిలో గాని, టైల్సు వేసిన ఇంటిలో గాని, అతుకుల గీతలు నిలువుగా, అడ్డముగా సూటిగా సాగును. నిలువు గీత బంతి పోవలసిన దారి; అడ్డగీత పటర్ ముఖము ఆనవలసిన రేఖ. ఇంతకంటె మంచి మూలమట్టము ఏ దుకాణమునను దొరకదు. అయితే బంతిని గీత మీదనే దొర్లింపరాదు. అతుకులో పడి దారి తప్పును. గీతకు రెండంగుళముల ప్రక్కగా నుంచవలెను. బంతి క్రింద ఒక చిన్న అద్దము పెట్టి తల వంచి చూచినచో మన కన్నులు బంతికి నేరుగా పైన నున్నవో లేవో తెలియును. కన్నులు ప్రక్కకు జరిగినచో సూటిగా నున్న గీతయు వంకరగా తోచును.

ఇంక ఇల్లు నేర్పజాలని దానికి వత్తము. అది దూరము; అనగా ఎంత బలముతో కొట్టిన బంతి ఎంత దూరము పోవుననునది. 1935 లో ఓక్‌మాంట్ అను చోట జరిగిన అమెరికా జాతీయ పోటీని చూచిన ఎడ్వర్డ్ స్టింప్సన్ అను ఔత్సాహిక ఆటగాడు, అచ్చటి పచ్చిక మితిమీరిన వేగము గలదని తలంచి, దానిని కొలుచుటకు ఒక సాధనము చేసెను. అది గాడి గల పట్టీ. అందులో క్రింది కొనకు 30 అంగుళముల దూరమున బంతినుంచి పట్టీని లేపగా, సుమారు 20 డిగ్రీల వద్ద బంతి తనంతట జారి నేల మీద పరుగెత్తును. ఎన్ని అడుగులు పోయినదో అదే ఆ పచ్చిక వేగము. సాధారణ మైదానములలో 8 మొదలు 10 అడుగుల వరకు, పెద్ద పోటీలలో అంతకు మించియు ఉండును. విద్యుత్ తీగలు కప్పు ప్లాస్టిక్ పట్టీని తెచ్చి, 30 అంగుళముల వద్ద గుర్తు పెట్టి, ఆ గుర్తును నేలకు 10 అంగుళముల ఎత్తున నిలిపినచో ఈ పరీక్ష మనమును చేయవచ్చును. పాలిష్ చేసిన గ్రానైటు మీద బంతి గోడను తాకువరకు ఆగదు. నూలు జంఖానా మీద ముడుతలకు తగిలి తడబడును. ఏలూరు తివాచీ వంటి ఉన్ని నేతలో నూగు వాలిన వైపు ఒక వేగము, ఎదురు వైపు మరియొక వేగము. ఏ నేలను ఎన్నుకొన్నను అది మైదానము గాదు. పైగా నీరు పోవుటకు గచ్చుకు కొంత వాటము వదలుట మన మేస్త్రీల పద్ధతి. బంతిని ఒకే దారిన ముందుకును వెనుకకును దొర్లించి చూచిన వాటము బయటపడును.

గ్లాసు సంగతి చెప్పవలసి యున్నది. ఇంటిలో పటింగ్ అనగానే స్టీలు గ్లాసును పడుకోబెట్టి అందులోనికి బంతిని కొట్టుట ఎల్లరును చేయు పని. గ్లాసు మూతి రంధ్రము కంటె చిన్నది గనుక గురికి మంచిదే. కాని మెల్లగా వచ్చిన బంతియు, దూకుడుగా వచ్చిన బంతియు గ్లాసులో ఒక్క తీరుననే ఠంగుమని ఆగును. మైదానమున ఆ దూకుడు బంతి రంధ్రపు అంచును గీచి ఆరడుగులు దాటిపోవును. గ్లాసు మెచ్చుకొన్న తప్పు ఇది. కావున గ్లాసు తీసివేసి పది రూపాయల నాణెమును నేలనుంచుడు. బంతి నాణెము మీదుగా గాని, దానిని ఆనుకొని గాని పోయి, జానెడు దాటి మూరెడు లోపల ఆగవలెను. నాణెమును చేరక ఆగినదానికి మార్కు లేదు. మూర దాటినదానికిని లేదు. మన తాతలు ఎరిగిన ఈ రెండు కొలతలు ఇచ్చట చక్కగా కుదిరినవి.

పది బంతులలో ఎన్ని నెగ్గినవో పలక మీద గాని, పాలచీటీ వెనుక గాని వ్రాసికొనుట అవసరము. లెక్క వ్రాయువాడును ఆడువాడును ఒకడే గనుక మోసము సులభము. హైదరాబాదు నుండి వలసపోయిన తల్లిదండ్రులకు 1997 లో కాలిఫోర్నియాలో జన్మించిన తీగల సాహిత్ పేరు శ్రోతలలో కొందరు వినియుందురు. ఇతడు 2023 సెప్టెంబరులో నాపా పోటీ గెలిచి అమెరికా వృత్తి క్రీడలో తన తొలి విజయము సాధించెను. మరుసటి సంవత్సరము టూర్ ఛాంపియన్‌షిప్ మూడవ దినమున, ఇసుకగుంటలో కర్రను వెనుకకు ఎత్తునప్పుడు రవంత ఇసుక కదలినదని తానే అధికారులకు తెలిపి 2 దెబ్బల శిక్ష తలదాల్చెను. మన ఇంటి గచ్చు మీద అధికారి లేడు; నాణెమును తాకెనా లేదా యనునది మనమే చెప్పవలెను.

రాత్రివేళ ఆడువారు క్రింది అంతస్తువారిని తలంపవలెను. గట్టి బంతి టైల్సు మీద దొర్లు చప్పుడు పగలు వినబడదు గాని అర్ధరాత్రి పైకప్పు మీద గుండ్రాయి దొర్లినట్లు వినబడును. అప్పుడు జంఖానా పరచుకొనుట మర్యాద. ప్రాకు బిడ్డ, తడబడి నడచు నాయనమ్మ ఉన్న ఇంటిలో ఆట ముగియగానే బంతులు లెక్కించి డబ్బాలో వేయవలెను. రోజునకు పది నిమిషములు చాలును; నడుము వంచి అరగంట నిలిచినచో చివరి బంతులన్నియు అలసటను అభ్యసించుటయే యగును. పిల్లలకు పెద్దల కర్ర ఇయ్యరాదు. కర్ర పొడవైనచో మోచేతులు విచ్చుకొని ముఖము తిరుగును.

మైదానమునకు పోవు దినము వచ్చినప్పుడు దిక్కును గూర్చి చింతింపక, మొదటి పావుగంట 30, 40 అడుగుల దూరములకే బంతిని కొట్టి ఆ పచ్చిక వేగమును చేతికి తెలుపవలెను. ఇంటిలో మిగిలిన లోటు అదియే. ఊరు విడిచి విమానమున పోవువారికి ఒక మాట: పటర్‌ను చేతిసంచితో విమానములోనికి కొనిపోనీయరు, నిషిద్ధ వస్తువుల పట్టికలో గోల్ఫ్ కర్రలు కలవు. దానిని సామానుతో పాటు ముందే అప్పగింపవలెను. బంతి మాత్రము జేబులో నుండవచ్చును. కర్ర రాక ఆలస్యమైనను, బస చేసిన గదిలో తివాచీ ఉన్నచో, బంతిని చేతితోనే నాణెమువైపు దొర్లించి జానెడు, మూరెడు లెక్క చూచుకొనవచ్చును.