ఓడ ఎక్కకముందే



క్రీస్తు శకం 671. చైనా దక్షిణ తీరంలోని కాంటన్ రేవులో ఒక బౌద్ధ భిక్షువు పర్షియా వర్తకుల ఓడ ఎక్కాడు. ఆయన పేరు ఇత్సింగ్. వెళ్ళాల్సింది నలందాకు. బుద్ధుడు తిరిగిన నేల చూడాలని, మూల గ్రంథాలు చదవాలని చిన్ననాటి నుంచీ కోరిక. అంత ఆరాటం ఉన్నవాడు కూడా తిన్నగా మన దేశానికి రాలేదు. ఇరవై రోజులు తిరక్కుండానే ఓడ సుమత్రా దీవిలోని శ్రీవిజయ రాజ్యం చేరితే, అక్కడ దిగి ఆరు నెలలు ఉండిపోయాడు. సంస్కృత వ్యాకరణం మొదలుపెట్టాడు. 673లో వంగదేశపు తామ్రలిప్తి రేవులో కాలుపెట్టాక కూడా తొందరపడలేదు. ఏడాదిపాటు అక్కడే ఉండి భాష నేర్చుకున్నాడు. ఆ తర్వాతే నలందా దారి పట్టి, అక్కడ పదేళ్ళు చదువుకున్నాడు.

తిరుగు ప్రయాణంలో మళ్ళీ శ్రీవిజయలో ఆగి, తాను చూసిన ఆచారాలన్నిటినీ నలభై అధ్యాయాల గ్రంథంగా రాసి, 692లో మరో భిక్షువు చేతికిచ్చి చైనాకు పంపాడు. తాను అనువదించిన ఒక వినయ గ్రంథానికి చేర్చిన వ్యాఖ్యలో ఆయన సలహా ఒకటి ఉంది. శ్రీవిజయలో వెయ్యిమందికి పైగా భిక్షువులున్నారట, వాళ్ళ చదువూ నడవడీ భారతదేశంలో ఉన్నట్టే ఉంటాయట. అందుకని, మన దేశానికి రాదలచిన చైనా భిక్షువు ఎవరైనా ముందు అక్కడ ఒకటి రెండేళ్ళు ఉండి పద్ధతులు అలవరచుకుని, ఆ తర్వాత బయలుదేరడం మంచిదని రాశాడు. ఒక దేశానికి వెళ్ళేముందు ఆ దేశపు మర్యాదలు నేర్చుకోవడానికి దారిలోనే ఒక బడి ఉందని చెప్పిన మాట అది. పదమూడు వందల ఏళ్ళ కిందటిది.

ఆ నలభై అధ్యాయాల పుస్తకంలో గొప్ప రాజుల కథల కోసం వెతికితే దొరికేది తక్కువ. భోజనానికి ముందు కాళ్ళూ చేతులూ కడుక్కోవాలని ఉంటుంది. పొద్దున్నే పందుంపుల్ల నమలాలని, నాలుక గీసుకోవాలని ఉంటుంది. తాగే నీళ్ళ పాత్ర వేరు, శౌచానికి వాడే పాత్ర వేరు అని ఉంటుంది. ఒకసారి నోరు పెట్టిన అన్నం ఎంగిలి, దాన్ని మళ్ళీ వడ్డించకూడదు, తిన్నాక నోరు పుక్కిలించకుండా మరొకరిని తాకకూడదు అని ఉంటుంది. మన ఇళ్ళలో అమ్మమ్మలు పిల్లల్ని కసురుతూ చెప్పే మాటలే, చైనా లిపిలో.

ఇంత చిన్న విషయాలకు అంత పెద్ద చదువరి ఎందుకు పూనుకున్నాడు? కారణం ఆయనే చెప్పాడు. ఒకప్పుడు ఉత్తరాన ఒక దేశం వాళ్ళు భారతదేశానికి దూతల్ని పంపారు. ఆ దూతలు బహిర్భూమికి వెళ్ళివచ్చి కడుక్కునేవారు కారు, తినగా మిగిలింది దాచుకునేవారు, కాళ్ళు చాపుకుని ఒకరినొకరు తగులుతూ కూర్చుని తినేవారు, పళ్ళు తోముకునేవారు కారు. వాళ్ళను చూసి ఇక్కడివాళ్ళు నవ్వుకున్నారు. తన దేశపు భిక్షువులకు ఆ గతి పట్టకూడదని ఇత్సింగ్ తాపత్రయం. ఆ తాపత్రయం నాకు చాలా ఇష్టం. పరదేశంలో మనిషి ముందుగా పోగొట్టుకునేది డబ్బు కాదు, మన్నన. అది ఆయనకు తెలుసు.

ఇత్సింగ్ తర్వాత మూడు వందల ఏళ్ళకు పైగా గడిచాక, మధ్య ఆసియాలోని ఖ్వారిజం నుంచి వచ్చిన అల్ బిరూనీ కూడా సంస్కృతం నేర్చుకున్నాడు, పండితుల దగ్గర కూర్చున్నాడు, 1030 ప్రాంతంలో మన దేశం గురించి పెద్ద గ్రంథం రాశాడు. విన్నదాన్ని విన్నట్టు రాసేసేవాళ్ళ మీద ఆయనకు నమ్మకం లేదు. ఈ దేశం పరాయివాళ్ళకు ఎందుకు అర్థం కాదో మొదటి అధ్యాయంలోనే కారణాలు చెప్పాడు. మన తెలుగులో ఏనుగుల వీరాస్వామయ్య ఉన్నాడు. మద్రాసు సుప్రీం కోర్టులో దుబాసీ పని చేసిన ఆయన 1830 మే నెలలో కాశీకి బయలుదేరి, పదిహేను నెలలు తిరిగి, ఏ మజిలీలో నీళ్ళున్నాయి, ఎక్కడ అంగళ్ళున్నాయి, దారి ఎలాంటిది అని ఊరూరా రాసుకుంటూ స్నేహితుడికి ఉత్తరాలు పంపాడు. 1838లో అవి పుస్తకంగా వచ్చాయి. వెనక రాబోయేవాడి గురించి ఆలోచించి రాసిన పుస్తకం అది.

ఇక్కడినుంచి చరిత్ర రెండు దారులుగా చీలిపోయింది. నేను ఈ ప్రసంగానికి ఒప్పుకున్నది ఆ చీలిక గురించి చెప్పాలనే.

ఈస్టిండియా కంపెనీ మన దేశానికి పంపే కుర్రాళ్ళ కోసం 1806లో ఇంగ్లండులోనే ఒక కళాశాల పెట్టింది. ఓడ ఎక్కకముందే వాళ్ళకు ప్రాచ్య భాషలు చెప్పేవారు. మద్రాసులో దిగాక 1812లో మొదలైన ఫోర్ట్ సెయింట్ జార్జ్ కళాశాల ఉంది. అక్కడ తెలుగు, తమిళం నేర్పే పండితులున్నారు, అచ్చయిన వ్యాకరణాలున్నాయి. పన్ను వసూలు చేసేవాడికీ తీర్పు చెప్పేవాడికీ ఇంతగా సిద్ధం చేసి పంపారు.

మరి కూలికి వెళ్ళేవాడికి? 1860 అక్టోబరులో ట్రూరో అనే ఓడ మద్రాసు నుంచి బయలుదేరి నవంబరు 16న దక్షిణాఫ్రికాలోని డర్బన్ చేరింది. డర్బన్ ఉన్న నేటాలు సీమకు చెరకు తోటల కూలీలతో వెళ్ళిన మొదటి ఓడ అది. అందులో మనవాళ్ళున్నారు. మారిషస్‌కు అప్పటికే వెళ్ళారు, 1903 నుంచి మద్రాసు రేవు నుంచి ఫిజీకి కూడా వెళ్ళారు. ఒప్పంద పత్రం మీద వేలిముద్ర వేశారు. ఆ దేశం ఎటు ఉందో, ఎన్నాళ్ళ ప్రయాణమో, అక్కడ ఏ భాష మాట్లాడతారో చెప్పిన పాఠశాల లేదు. అన్నిటికన్నా ఘోరమైనది ఒకటుంది. పనికి రాకపోయినా, చెప్పిన పని పూర్తి చేయకపోయినా అక్కడి చట్టం ప్రకారం నేరం, జైలు. గోపాలకృష్ణ గోఖలే 1912లో శాసనసభలో ఈ కూలీ పద్ధతిని రద్దు చేయాలని తీర్మానం పెట్టినప్పుడు ఎత్తిచూపిన అన్యాయాల్లో ఇదీ ఒకటి. శిక్షల సంగతి ఆ అమాయకులకు బయలుదేరేముందు ఎవరూ విప్పి చెప్పడం లేదన్నాడు. తెలియకపోవడం వాళ్ళ తప్పు కాదు, తెలియనివ్వకపోవడం మీదే ఆ వ్యాపారం నడిచింది.

సైనికుడి విషయంలో ప్రభుత్వాలు ఎంత శ్రద్ధ చూపగలవో చూడండి. 1942లో అమెరికా యుద్ధశాఖ బ్రిటన్‌కు వెళ్ళే తన సైనికుల చేతిలో ఒక చిన్న పుస్తకం పెట్టింది. రెండు దేశాలదీ ఒకే భాష, ఒకే పక్షం. అయినా రాశారు. మీ జీతం వాళ్ళ సైనికుడి జీతం కన్నా ఎక్కువ, దాన్ని చాటుకోవద్దు అన్నారు. రాజునూ రాణినీ విమర్శించవద్దన్నారు. వాళ్ళు తక్కువ మాట్లాడితే స్నేహం లేదనుకోవద్దన్నారు. పన్నెండు పెన్నీలు ఒక షిల్లింగు, ఇరవై షిల్లింగులు ఒక పౌండు అని లెక్క నేర్పారు. ఎవరైనా ఇంటికి భోజనానికి పిలిస్తే కడుపునిండా తినేయకండి, అది ఆ ఇంటివాళ్ళ వారం రేషన్ కావచ్చు అన్నారు. ఈ చివరి మాట రాసినవాళ్ళకు ఇత్సింగ్ మనసే ఉంది. ఎదుటి ఇంట్లో ఏముందో, ఏం లేదో తెలుసుకుని వెళ్ళమన్నారు.

ఇక మన కాలానికి వద్దాం. జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ పల్లెల నుంచి దుబాయికి, సౌదీకి పోయేవాళ్ళు, రాజంపేట, రాయచోటి నుంచి, గోదావరి జిల్లాల నుంచి కువైట్ ఇళ్ళలో పనికి వెళ్ళే ఆడవాళ్ళు. వీళ్ళకు ముందుగా అందే సమాచారమంతా ఏజెంటు మాట, లేదా ఇదివరకు వెళ్ళొచ్చిన బావమరిది మాట. ఆజాద్ వీసా అంటాడు ఏజెంటు, ఎక్కడైనా పని చేసుకోవచ్చంటాడు. అక్కడి చట్టంలో అలాంటి వీసా లేదు. కఫీల్‌ను, అంటే వీసా ఇచ్చిన యజమానిని, వదిలి వేరేచోట పనికి పోయి, అకామా అనే నివాస అనుమతి గడువు తీరిపోతే మనిషి ఖల్లివెల్లి, అంటే కాగితాలు లేనివాడు, అయిపోతాడు. ఆసుపత్రికి పోవాలన్నా భయం, ఇంటికి రావాలన్నా భయం.

అమ్మ ప్రేమతో కట్టిచ్చిన మసాలా పొట్లంలో గసగసాలుంటాయి. మనకది కూరలో వేసే దినుసు. ఎమిరేట్స్‌లో, సౌదీలో అది నిషిద్ధమైన మత్తు పదార్థాల లెక్కలోకి వస్తుంది, దానివల్ల మనవాళ్ళు జైళ్ళలో పడ్డారు. నడుంనొప్పికి డాక్టరు రాసిన ట్రమడాల్ మాత్రలు కూడా అంతే. ముందస్తు అనుమతి లేకుండా సంచిలో పెట్టుకోకూడదు. కువైట్‌లో రంజాన్ నెల పగటిపూట నలుగురిలో తినడం, తాగడం చట్టరీత్యా నేరం. ఇవేవీ తెలుసుకోవడానికి నలందాలో పదేళ్ళ చదువు అక్కర్లేదు. గంటసేపు కూర్చోబెట్టి చెబితే తెలిసేవే.

2018 నుంచి కేంద్ర విదేశాంగ శాఖ ఇలాంటి శిక్షణ ఇస్తోంది. ఒక్కరోజు పాఠం. వెళ్ళే దేశపు చట్టాలు, ఆచారాలు, ఒప్పందం చదవడం, కష్టం వస్తే రాయబార కార్యాలయాన్ని చేరడం, బీమా సంగతి చెబుతారు. మంచి పని, నేను మనస్ఫూర్తిగా మెచ్చుకుంటాను. నా పట్టుదల ఒక్కటే, అది జరిగే వేళ మారాలి. ఆ తరగతి గదిలోకి వచ్చేసరికి చాలామంది పొలం తాకట్టు పెట్టేసి ఉంటారు. అప్పటికి ఒప్పందంలో తేడా కనిపించినా వెనక్కి తిరిగే దారి ఉండదు. విజిట్ వీసా మీద పంపించేవాళ్ళయితే ఆ గది ముఖమే చూడరు. ఈ పాఠం గ్రామపంచాయతీలో, ఇంకా అప్పు పుట్టకముందు, ఇంటి ఆడవాళ్ళు కూడా పక్కన కూర్చుని వినేలా, మన జిల్లా మాటలో జరగాలి. ఇదివరకు గల్ఫ్‌లో పదేళ్ళు గడిపి వచ్చినవాళ్ళ చేత చెప్పించాలి.

మీ ఇంట్లో ఎవరైనా ప్రయాణానికి సిద్ధమవుతుంటే ఈ వారంలోనే నాలుగు విషయాలు చూడండి. ఆ ఏజెంటుకు ప్రభుత్వ రిజిస్ట్రేషన్ ఉందో లేదో ఈ-మైగ్రేట్ వెబ్‌సైట్‌లో వెతకండి. చట్టప్రకారం అతను తీసుకోదగిన రుసుము 30,000 రూపాయలు, దానిమీద జీఎస్టీ. అంతకుమించి ఒక్క రూపాయి అడిగినా ఎందుకని నిలదీయండి. పాస్‌పోర్టులో ఈసీఆర్ అని ఉన్నవాళ్ళు, అంటే పదో తరగతి పాసుకానివాళ్ళు, గల్ఫ్‌తో కలిపి పద్దెనిమిది దేశాలకు పనికి వెళ్ళాలంటే వలస కార్యాలయం అనుమతి ఉండాలి. అది లేకుండా విమానం ఎక్కిస్తానన్నవాడికి పాస్‌పోర్టు ఇవ్వకండి. సూట్‌కేసు కట్టేటప్పుడు మసాలా పొట్లాలు విప్పి చూడండి.