మార్కులు చాలని విద్యార్థులును, ఉన్నత కళాశాలలును
(అనంతగిరిలో జరిగిన మన సంఘ వార్షిక మహాసభయందు చదువబడిన ఉపన్యాసము)



2016వ సంవత్సరమున సూర్యాపేట జిల్లా యేర్పడినప్పుడు మండలకేంద్రమైన యీ అనంతగిరిలో మన మహాసభ సమకూడుట మనకెల్లరకు సంతోషావహము. ఇంతకుముందే యీ వేదికపై పదవ తరగతియందును, ఇంటర్మీడియట్టునందును అగ్రశ్రేణి మార్కులు గాంచిన బాలబాలికలకు పతకములు బహూకరింపబడినవి. మీతోపాటు నేనును కరతాళధ్వనులు చేసితిని. కాని యా సమయమున నా దృష్టి పందిరి చివర కూర్చున్న మఱికొందఱు పిల్లలపై నిలిచినది. వారి పేర్లు పిలువబడలేదు. పిలువబడవని వారికిని తెలియును. నేడు వారి పక్షమున నాలుగు మాటలు విన్నవించుటకు మీ యనుజ్ఞ వేడుచున్నాను.

మార్కులతో పనిలేదని చెప్పుటకు నేను రాలేదు. ముప్పదియేండ్లకు పైగా సంస్కృతాంధ్రములు బోధించి జీవించినవాడను. అట్టి మాట చెప్పినచో నా వృత్తికే ద్రోహము చేసినవాడనగుదును. మార్కులు తక్కువైనచో కొన్ని ద్వారములు నిశ్చయముగ మూతపడును. కాని యేవి మూతపడినవో, యేవి తెఱచియున్నవో విచారింపకముందే, అన్నియు మూతపడినవని మనమే పిల్లలకు చెప్పుచున్నాము. ఇదియే నా యభియోగము. ఇందు మొదటి ముద్దాయిని నేనే.

1990 ప్రాంతమున నా తరగతిలో ఒక రైతుబిడ్డ యుండెను. పదవ తరగతి పరీక్షల కాలమున తండ్రి మంచము పట్టగా, నాగార్జునసాగరు ఎడమకాలువ క్రింది రెండెకరముల వరిచేను వాని మీద పడినది. పరీక్ష గట్టెక్కినాడు గాని మార్కులు చెప్పుకొనదగినవి కావు. పాలిటెక్నిక్ ప్రవేశపరీక్షకు దరఖాస్తు పెట్టుకొందునని కాగితములు పట్టుకొని నాయొద్దకు వచ్చెను. నేను వాని మార్కులు చూచి, “నీకెందుకురా యీ దరఖాస్తు? రుసుము దండుగ” అంటిని. వాడు మాఱుమాటాడక కాగితములు మడిచి జేబులో పెట్టుకొని పోయెను. ఆ పరీక్షకు పదవ తరగతి మార్కులు లెక్కలోనికి రావనియు, ఉత్తీర్ణుడైన చాలుననియు నాకప్పుడు తెలియదు. తెలిసికొన ప్రయత్నమైనను చేయలేదు. వాడు మిర్యాలగూడలో నొక బియ్యపుమిల్లులో పనికి కుదిరెను.

ఇరువది సంవత్సరములు గడచిన పిదప అతడు తన కూతురును వెంటబెట్టుకొని మా పాఠశాలకు వచ్చినాడు. ఆ పిల్లకును మార్కులు అంతంతమాత్రమే. నేను అలవాటు చొప్పున “ఎన్ని మార్కులు?” అని అడుగబోగా, “సారూ, మార్కులు తర్వాత చూద్దురుగాని, ఇయ్యాల ఆఖరు తారీఖు, ముందు సంతకం పెట్టండి” అనినాడు. ఆ మాటలో కోపము లేదు. ఉన్నయెడల నాకు తేలికగ నుండెడిది. ఆ పిల్ల పాలిటెక్నిక్‌లో డిప్లొమా ముగించి, ఈసెట్టు వ్రాసి, ఇంజనీరింగు రెండవ సంవత్సరమున చేరినది. తండ్రికి నేను మూసిన ద్వారము కూతురుకు తెఱచియుండెను; మొదటినుండియు తెఱచియే యుండెను.

స్థాలీపులాకన్యాయమని పెద్దలు చెప్పుదురు. కుండలోని యొక్క మెతుకు పట్టి చూచి అన్నము ఉడికినదో లేదో తెలిసికొందుము. ఒకే నీటిలో, ఒకే మంటపై ఉడికినవి గనుక ఒక్క మెతుకు తక్కినవాటికి సాక్ష్యమగును. పిల్లల విషయమున ఒకే నీరెక్కడిది, ఒకే మంటయెక్కడిది? ఒకడు పట్టణపు వసతిగృహమున కూర్చుండి చదువును. మఱియొకడు కాలువనీరు వదలిన రాత్రి గట్టుమీద మేల్కొనియుండును. పదునైదేండ్లకే ఉడుకువారు కొందఱు. ఇరువదియేండ్లకు ఉడుకువారు కొందఱు. కథాసరిత్సాగరమున పాణిని కథ యొకటి గలదు. వర్షుడను గురువు శిష్యులలో పాణిని మందబుద్ధి. అతని యవస్థ చూచి తపస్సునకు పంపినది గురుపత్ని. కథ యెట్లున్నను, అందలి నీతి నాబోటి యుపాధ్యాయునకు తగులవలసినదే: పాఠము చెప్పిన గురువు కాదు, దారి చూపిన యా తల్లియే వైయాకరణుని లోకమునకిచ్చినది.

ఇక కథ గాక చరిత్రయే చెప్పెదను. 1895లో భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు ఆప్తుల మరణములతో చదువు చెడి, మూడవసారి గాని మెట్రిక్యులేషన్ గట్టెక్కలేదు. మద్రాసు వైద్యకళాశాలలో ఖద్దరు ధరించి శస్త్రచికిత్సాచార్యుని ఆగ్రహమునకు పాత్రుడై, ఎం.బి.బి.యస్. గాక దానికంటె తక్కువదైన ఎల్.ఎం.యస్. పట్టము మాత్రమే పొందెను. అట్టి చరిత్ర గలవాడు 1920 దశకపు తొలిసంవత్సరములలో అమెరికాలోని హార్వర్డు విశ్వవిద్యాలయపు ఉష్ణమండల వైద్యశాలలో ప్రవేశము సంపాదించెను. రాత్రులు ఆసుపత్రిలో కూలిపని చేయుచు పగలు చదివెను. 1929లో ఫిస్కే పండితునితో గూడి, జీవకణములకు శక్తినిచ్చు ఏ.టీ.పీ. యను పదార్థమును వెలువరించెను. 1930లో డాక్టరేటు పొందెను. పిమ్మట లెడర్లీ సంస్థలో ఆయన నడపిన పరిశోధనలనుండి బోదకాలు వ్యాధికి వాడు డైఇథైల్ కార్బమజైన్ వెలువడినది. మన తెలుగు జిల్లాలలో ఇంటింటికి పంచిన బోదకాలు మాత్రలలో నున్నది అదియే. 1948లో ఆయన పరమపదించెను.

ఇందు మన సంఘము గమనింపవలసిన విషయ మొకటి గలదు. ఆయన ప్రయాణమునకు ధనసహాయము చేయ ముందుకు వచ్చినవారిలో మామగారితోపాటు కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకరుగారి ధర్మసంస్థ యున్నది. మూడుమార్లు మెట్రిక్ వ్రాసినవాడని వారు తలుపు మూయలేదు. తప్పిన ప్రతి బాలుడును సుబ్బారావగునని నేననను. కాని తలుపు తట్టనీయనిదే ఎవడేమగునో మనకెట్లు తెలియును?

ఇప్పుడు ద్వారముల మాట. తల్లిదండ్రులు శ్రద్ధతో వినవలెను. పదవ తరగతి పిదప పాలిటెక్నిక్ ప్రవేశము పాలిసెట్టు ర్యాంకును బట్టియే, ఉత్తీర్ణత చాలును. తెలంగాణమున ఇంజనీరింగు ప్రవేశపరీక్షయందు ఇంటర్ మార్కులకిచ్చెడి 25 శాతము భారము 2023నుండి తొలగింపబడినది. అర్హతకు ఐచ్ఛిక విషయములలో 45 శాతము, రిజర్వేషను గలవారికి 40 శాతము ఉన్న చాలును, తక్కినదంతయు ర్యాంకే. కేంద్ర విశ్వవిద్యాలయముల డిగ్రీ ప్రవేశములకు 2022నుండి సి.యు.ఇ.టి. యను ఉమ్మడిపరీక్ష వచ్చినది. మార్కులు తప్పనిసరియైన చోట్లును గలవు. ఐ.ఐ.టి.లకును, ఎన్.ఐ.టి.లకును ప్రవేశపరీక్ష ర్యాంకుతోపాటు ఇంటర్‌లో 75 శాతము, షెడ్యూల్డు కులములకును తెగలకును 65 శాతము, లేదా తమ బోర్డులో పైనున్న 20 పర్సెంటైల్‌లో స్థానము ఉండవలెను. ‘దోస్తు’ ద్వారా డిగ్రీ కళాశాలల సీట్లు ఇంటర్ మార్కులనుబట్టియే ఇత్తురు. ఇట్టిచోట్లకు పోదలచినవారు ముందే మేల్కొనవలెను. మొదటి సంవత్సరము మార్కులు తక్కువైనవారు పాసైయున్నను అడ్వాన్స్డ్ సప్లిమెంటరీ పరీక్షలో మరల వ్రాసి పెంచుకొనవచ్చును.

విదేశములలో చాల కళాశాలలు మార్కులతోపాటు విద్యార్థి వ్రాసిన వ్యాసమును, ఉపాధ్యాయుల లేఖలను చూచును. అమెరికాలో కమ్యూనిటీ కళాశాలలు ఎక్కువ మార్కులు లేనివారిని సయితము చేర్చుకొనును. అందు రెండేండ్లు బాగుగ చదివినవారు విశ్వవిద్యాలయమునకు మారవచ్చును. ఆ వ్యాసమున తక్కువ మార్కులను దాచరాదు, ఏడువనురాదు. కారణ మొక రెండు వాక్యములలో చెప్పి, పిదప ఏమి మారినదో చూపవలెను: తరువాతి పరీక్షలో వచ్చిన మార్కులు, చేతితో చేసిన పని, చదివిన పుస్తకము. ఎఫ్.ఏ. తప్పిన శ్రీనివాస రామానుజమునకు 1913లో మద్రాసు విశ్వవిద్యాలయము, పట్టము లేకున్నను, నెలకు 75 రూపాయల పరిశోధనవేతన మిచ్చినది తన గణితమును చూపినందుననే. 1914లో ఆయన కేంబ్రిడ్జి చేరెను. దొంగ మార్కుల పత్రములు అమ్ముదుమను దళారులను గడప తొక్కనీయకుడు. తక్కువ మార్కు ఒక సంవత్సరపు లోపము. దొంగ పత్రము జీవితమంత వెంటాడు నేరము.

మఱియొక మాట, బరువైన మాట. 2019 ఏప్రిలులో మన రాష్ట్రపు ఇంటర్ ఫలితములలో తప్పులు దొరలినవి. తప్పినవారి జవాబుపత్రములను మరల పరిశీలింపగా వేయిమందికి పైగా ఉత్తీర్ణులైరి. కాని యా ఫలితముల పిదప ఇరువదిమందికి పైబడి విద్యార్థులు ప్రాణములు తీసికొనిరి. పత్రము దిద్దుకొనవచ్చును, బిడ్డను తిరిగి తెచ్చుకొనలేము. కావున ఫలితములు వచ్చిన దినమున తండ్రి మొదట అడుగవలసిన ప్రశ్న “ఎన్ని?” అని కాదు, “అన్నము తింటివా?” అని. లెక్కింపు సంగతి, తిరుగుపరీక్ష సంగతి మఱునాడు చూచుకొనవచ్చును.

కడపట సంఘమువారికి నా విన్నపములు మూడు. మొదటిది: పతకములు మానవలదు, కాని వాటికి వెచ్చించు ధనములో కొంత వేరుపఱచి, మార్కులు తక్కువైన విద్యార్థుల ప్రవేశపరీక్షల రుసుమునకును, ఒక యేటి శిక్షణకును నిధిగ నుంచుడు. రెండవది: ఫలితములు వచ్చిన వారమున ప్రతి మండలమున ఒక ఉపాధ్యాయుడు, చదువుకొన్న యువకు డొకడు సంఘకార్యాలయమున కూర్చుండి దరఖాస్తుల గడువు తేదీలు తెలుపవలెను. అందు నా పేరు మొదట వ్రాసికొనుడు. మూడవది: వచ్చిన పిల్లవానిని మార్కులు అడుగకముందు ఏమి చదువదలచితివని అడుగుడు.

ముప్పదియైదేండ్ల క్రిందట ఒక బాలుడు మడిచి జేబులో పెట్టుకొన్న కాగితము నేటికిని నా కన్నులయెదుట నున్నది. అట్టి కాగిత మిక నెవ్వడును మడువకుండునట్లు మనము చూతుముగాక. 

స్వస్తి.