ఇష్యూ రిజిస్టరులో ఉన్నదీ, లేనిదీ

(స్వర్ణోత్సవ సభ మధ్యాహ్న కార్యక్రమంలో చేసిన ప్రసంగ పాఠం)



నన్ను భోజనాల తరవాత మాట్లాడమన్నారు. పులిహోర, బొబ్బట్లు తిన్నాక ఎవరికైనా కునుకు పడితే నేనేమీ అనుకోను. తొమ్మిదో తరగతిలో మనకు సోషల్ పీరియడ్ భోజనాల తరవాతే ఉండేది. మాస్టారు కూడా ఏమీ అనుకునేవారు కాదు.

నాది 1986 పదో తరగతి బ్యాచ్. గ్రంథాలయ శాస్త్రం చదివి, అప్పటినుంచీ లైబ్రరీల్లోనే పని చేస్తున్నాను. మొదట్లో పుస్తకాల వెన్ను మీద నంబర్లు అంటించే పని. ఇప్పుడు కంప్యూటరు ముందు కూర్చుని ఏ పుస్తకం బయటికి వెళుతోంది, ఏది బీరువా దిగడం లేదు, ఎవరు ఎంత సేపు చదువుతున్నారు అన్న లెక్కలు చూసే పని. అందుకే మన కార్యదర్శి గారు పోయిన ఏడాది ఫోన్ చేశారు. "అమ్మా, బడి లైబ్రరీ పాత బీరువా తెరిచాం. ఇష్యూ రిజిస్టర్లు దొరికాయి. చెదలు తిన్నవి పోగా ఇంకా కొన్ని బాగానే ఉన్నాయి. అన్నీ స్కాన్ చేసి సంఘం వెబ్‌సైటులో పెడదాం, స్వర్ణోత్సవానికి బాగుంటుంది" అన్నారు. నేను ఎగిరి గంతేశాను. ఆ తరవాత జరిగింది చెప్పడానికే ఈ ప్రసంగం. కానీ ముందు కాస్త బయటి ప్రపంచం సంగతి చెప్పాలి.

పాఠకుల లెక్కలతో పుస్తకాల చరిత్ర రాయవచ్చని అందరికీ తెలిసేలా చేసిన ఊళ్లలో ఒకటి అమెరికాలోని మన్సీ. ఇండియానా రాష్ట్రంలో చిన్న ఊరు. 2003లో అక్కడి పబ్లిక్ లైబ్రరీ పాత భవనంలో మన రిజిస్టర్లలాంటివే బయటపడ్డాయి. 1891 నుంచి 1902 దాకా ఎవరు ఏ రోజు ఏ పుస్తకం పట్టుకెళ్లారో వాటిలో ఉంది. బాల్ స్టేట్ విశ్వవిద్యాలయం వాళ్లు ఆ 1,75,000 ఎంట్రీలనూ కంప్యూటరులోకి ఎక్కించి అందరికీ అందుబాటులో పెట్టారు. పండితులు గొప్పవనుకున్న నవలలకంటే, పేద కుర్రాడు కష్టపడి పైకొచ్చే హొరేషియో ఆల్జర్ కథల్నే ఆ ఊరు ఎక్కువగా చదివిందని తేలింది. నాకైతే ఇందులో ఆశ్చర్యం లేదు. మన బీరువాలో అట్ట ఊడిపోయిన పుస్తకాలేవో, కొత్తగా మిగిలినవేవో మా లైబ్రరీ మాస్టారిని అడిగితే చాలు.

ఇప్పుడు రిజిస్టరు అక్కర్లేదు. పాఠకులే రాసి పెడుతున్నారు. గుడ్‌రీడ్స్ అని ఒకటుంది, 2007లో మొదలైంది, 2013లో అమెజాన్ కొనుక్కుంది. చదివిన పుస్తకాన్ని ఒక అరలో, చదవాలనుకున్నదాన్ని ఇంకో అరలో పెట్టుకుని నక్షత్రాలు వేసుకోవచ్చు. 2017లో శాన్ డియాగోలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం పరిశోధకులు అందరికీ కనిపించే అరల వివరాలు సేకరించారు. 8,76,145 మంది పాఠకులు, 23 లక్షల పైచిలుకు పుస్తకాలు, దాదాపు 22 కోట్ల 86 లక్షల ఎంట్రీలు. ఇందులో నాకు నచ్చిన సంఖ్య ఇంకొకటుంది. అన్ని కోట్లలో "చదివాను" అని గుర్తు పెట్టినవి సుమారు 11 కోట్ల 21 లక్షలే. అంటే సగం కూడా లేవు. మిగతావి ఎప్పుడో చదువుదామని పక్కన పెట్టినవి, ఇంకా పూర్తికానివి. మా ఇంట్లో బీరువా కూడా అదే నిష్పత్తిలో ఉంటుంది, మీ ఇంట్లో సంగతి మీకే తెలియాలి.

2014లో జోర్డాన్ ఎలెన్‌బర్గ్ అనే గణిత శాస్త్రవేత్త ఒక తమాషా చేశాడు. కిండిల్‌లో చదివేవాళ్లు నచ్చిన వాక్యాల కింద గీత గీస్తారు కదా. ఎక్కువమంది గీసిన అయిదు వాక్యాలు పుస్తకంలో ఎంత దూరంలో ఉన్నాయో సగటు తీశాడు. అన్నీ మొదటి పేజీల్లోనే ఉంటే జనం అక్కడే ఆపేశారని లెక్క. దానికి హాకింగ్ సూచిక అని పేరు పెట్టాడు, ఎందుకంటే హాకింగ్ రాసిన 'ఎ బ్రీఫ్ హిస్టరీ ఆఫ్ టైమ్' అందరూ కొని ఎవరూ పూర్తి చేయని పుస్తకమని పేరు పడింది. దానికి వచ్చింది 6.6 శాతం. పికెటీ రాసిన 'క్యాపిటల్ ఇన్ ది ట్వెంటీఫస్ట్ సెంచరీ'కి 2.4. డోనా టార్ట్ నవల 'ది గోల్డ్‌ఫించ్'కి 98.5. పేపర్లలో తెగ తిరిగింది ఈ లెక్క. ఆయన నవ్వులాటగానే చెప్పాడు, చదివినవాళ్లు మాత్రం నిజమనుకున్నారు.

కాస్త ఆలోచించండి. ఆర్థిక శాస్త్రం పుస్తకంలో అసలు వాదనంతా ముందుమాటలోనే ఉంటుంది, గీతలు అక్కడే పడతాయి. నవలలో తాత్విక వాక్యాలు చివరి పేజీల్లో ఉంటే గీతలు చివర్లో పడతాయి. మా అమ్మ రామాయణం మొదటి నుంచి చివరిదాకా ఎన్నిసార్లు చదివిందో లెక్కలేదు, ఒక్క గీతా గీయలేదు. పుస్తకం మీద గీత గీస్తే సరస్వతికి కోపం వస్తుందనేది. ఆవిడ లెక్కన రామాయణానికి హాకింగ్ సూచిక సున్నా!

ఉపాధ్యాయులున్న సభ కాబట్టి ఇంకొకటి చెప్పాలి. మెలనీ వాల్ష్, మరియా ఆంటోనియాక్ అనే ఇద్దరు పరిశోధకులు గుడ్‌రీడ్స్‌లో జనం "క్లాసిక్" అని పిలిచే పుస్తకాల మీద వచ్చిన 1,20,000కు పైగా సమీక్షలు పరిశీలించి 2021లో ఫలితాలు ప్రచురించారు. ఏ పుస్తకం గొప్పదో జనం సొంతంగా తేల్చుకుంటున్నారేమో చూద్దామంటే, ఆ జాబితాలో చాలా భాగం బడిలో పాఠంగా చెప్పే పుస్తకాలే. సమీక్షలనిండా హైస్కూలు, టీచరు, అప్పుడు బలవంతాన చదివాను, ఇప్పుడు మళ్లీ చదివాను అనే మాటలే. మాస్టారూ, మీరు మాకు నాన్‌డిటెయిల్డ్‌లో చెప్పిన కథ ఈ రోజుకీ మా తలకాయల్లో ఉంది. దాని లెక్క ఎక్కడా రాయలేదు, అంతే.

తెలుగు సంగతికొస్తే ఈ లెక్కలు బాగా పలచన. ఒకే పుస్తకం తెలుగు లిపిలో ఒకచోట, ఇంగ్లీషు అక్షరాల్లో రెండు మూడు స్పెల్లింగులతో ఇంకోచోట ఉంటుంది. నలుగురు నాలుగు చోట్ల నక్షత్రాలు వేస్తారు. ఇక వారపత్రిక సీరియల్ సంగతి సరే సరి. మా వీధిలో పత్రిక కొనేది ఒక్క ఇల్లు, చదివేది తొమ్మిది ఇళ్లు. చివరికది పచారీ కొట్టులో పొట్లమైతే, ఆ పొట్లం విప్పి చదివినవాళ్లనూ నేను చూశాను. ఆ తొమ్మిది ఇళ్లకు డేటా లేదు. కాబట్టి తెలుగువాళ్లు చదవరని ఎవరైనా కంప్యూటరు చూసి చెబితే, ఆ కంప్యూటరు ఏం చూసిందని అడగండి.

ఇప్పుడు మన రిజిస్టరు. నేను బడికి వచ్చి రెండు రోజులు కూర్చున్నాను. మా బ్యాచ్ పేజీలు కనిపించేసరికి మనసు ఆగలేదు, ఫోటోలు తీసి మా వాట్సాప్ గ్రూపులో పెట్టేశాను. ముప్ఫై ఏళ్లు ఇదే పనిలో ఉండి, పాఠకుల వివరాలు గోప్యంగా ఉంచాలని పిల్లలకు పాఠాలు చెప్పి, నేను చేసిన పని అది.

గ్రూపు కాసేపు సందడి సందడిగా ఉంది. మా క్లాసులో ఒకబ్బాయి పేరు మీద రెండేళ్లలో 41 పుస్తకాలున్నాయి. అందరికంటే ఎక్కువ. "ఒరేయ్, నువ్వింత చదువరివని తెలీదురా" అని ఒకటే ఏడిపించారు. అతను ఏమీ రాయలేదు. రాత్రి తొమ్మిదింటికి నాకు ఫోన్ వచ్చింది. చేసింది అతను కాదు, వాళ్ల చెల్లెలు.

"అక్కా, అవి చదివింది నేను" అంది.

ఏడో తరగతి అయ్యాక ఆమెను ఇంట్లో బడి మాన్పించేశారు. అన్న వారం వారం తన పేరు మీద పుస్తకం తీసుకెళ్లి ఇచ్చేవాడు. అతనికి చదవడం మీద ఆసక్తే లేదు, కబడ్డీ మీద తప్ప. "అన్న ఒక్క పుస్తకమూ తెరవలేదక్కా. కానీ ఒక్క వారమూ మర్చిపోలేదు" అంది. రిజిస్టరు ప్రకారం అతను మా బ్యాచ్‌లో మొదటి పాఠకుడు, ఆమె అసలు లేనే లేదు. ఈ రోజు ఇంట్లో నలుగురూ ఒకే కిండిల్ ఖాతాలో చదువుతుంటే కంపెనీ దగ్గరుండే లెక్క కూడా ఇంతే.

అదే పేజీల్లో ఇంకొకటుంది, అది నేను గమనించలేదు. ఒక పేరు పక్కన ఎర్ర సిరాతో, పుస్తకం పోగొట్టినందున నాలుగు రూపాయలు జరిమానా, చెల్లించలేదు, టి.సి. ఆపవలెను అని రాసి ఉంది. ఆ మిత్రుడు మాట్లాడకుండా గ్రూపులోంచి వెళ్లిపోయాడు. నాలుగు రూపాయలు ఆ రోజు వాళ్ల నాన్నకు చిన్న మొత్తం కాదు. నేను వాళ్లింటికి వెళ్లి క్షమించమని అడిగాను. కాఫీ ఇచ్చాడు, పుస్తకాల మాట ఎత్తలేదు.

పేర్లు తీసేసి పెడితే సరిపోదా అని కార్యదర్శి గారు అడిగారు. 2006లో నెట్‌ఫ్లిక్స్ కంపెనీ అలాగే చేసింది. దాదాపు 4,80,000 మంది సినిమాలకు వేసిన మార్కుల్ని పేర్లు తీసేసి బయటపెట్టింది. అరవింద్ నారాయణన్, విటాలీ ష్మాటికోవ్ అనే ఇద్దరు 2008లో ఏం చూపించారంటే, ఒక మనిషి ఎనిమిది సినిమాలకు వేసిన మార్కులు, రెండు వారాల తేడాతో తేదీలు తెలిస్తే చాలు, అందులో రెండు తప్పైనా సరే, నూటికి 99 మందిని ఆ గుంపులో విడిగా పట్టేయవచ్చు. అది లక్షల మంది ఉన్న పట్టిక. మన బడిలో ఒక సెక్షనుకు నలభై మంది. పేరు తీసేసి తొమ్మిది బి, 41 పుస్తకాలు అని రాస్తే ఎవరో కనిపెట్టడానికి ఏ శాస్త్రవేత్తా అక్కర్లేదు, మా బ్యాచ్‌లో ఎవర్నడిగినా చెబుతారు.

సియాటిల్ నగర లైబ్రరీ 2005 ఏప్రిల్ నుంచి ఉన్న తన లెక్కలు అందరికీ అందుబాటులో పెట్టింది. ఏ పుస్తకం ఏ నెలలో ఎన్నిసార్లు వెళ్లిందో ఉంటుంది. ఎవరు తీసుకెళ్లారో ఉండదు. నేను సంఘానికి రాసిచ్చిన ప్రతిపాదన కూడా ఇదే. పుస్తకం పేరు, సంవత్సరం, ఎన్నిసార్లు ఇచ్చారు, ఈ మూడే వెబ్‌సైటులో పెడదాం. తరగతి కూడా వద్దు. అసలు రిజిస్టర్లు ప్రధానోపాధ్యాయుల గదిలో బీరువాలో, కర్పూరం బిళ్లలు వేసి, తాళంలో ఉంటాయి. ఎవరైనా వచ్చి తన పేజీ చూపించమంటే వాళ్లదే చూపిస్తారు. కొందరు పెద్దలకు ఇది నచ్చలేదు. మన చరిత్ర మనమే దాచుకుంటామా అన్నారు. వాళ్ల మాటలోనూ న్యాయముంది, పేర్లు లేకపోతే రిజిస్టరులో సగం ప్రాణం పోతుంది. అందుకని ఇంకో పని మొదలుపెట్టాం. బయట వరండాలో, నీళ్ల డ్రమ్ము పక్కన బల్ల మీద ఒక కొత్త రిజిస్టరు ఉంది. మీరు ఈ బడిలో చదివిన పుస్తకం ఏది, అది మీ చేతికి ఎలా వచ్చింది, ఎవరు తెచ్చిచ్చారు అని మీ చేత్తో మీరే రాయండి. పేరు రాయడం, మానడం మీ ఇష్టం.

పొద్దున అందులో మొదటి పేజీ నిండిపోయింది. ఆ చెల్లెలు ఈ సభలోనే ఉన్నారు. పేరు చెప్పవద్దన్నారు, 41 అనే సంఖ్య చెప్పుకోవచ్చన్నారు. ఆమె అక్కడ 43 రాశారు. రెండు పుస్తకాలు అన్న రిజిస్టరులో రాయించకుండా చొక్కాలో పెట్టుకుని తెచ్చాడట. ఆ రెండూ ఇవాళ తెచ్చి లైబ్రరీ మాస్టారికి అప్పగించారు. జరిమానా ఎంతని అడిగితే మాస్టారు ఇంకా లెక్క వేస్తున్నారు.