ఎవరి తిండి వింత? ఢిల్లీ నుంచి కొన్ని మాటలు

(ఢిల్లీలో చదువుకుంటున్న తెలుగు విద్యార్థుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నన్ను పిలిచిన తమ్ముళ్లు, చెల్లెళ్లు "అక్కా, వేరువేరు సంస్కృతుల వింత వంటకాల గురించి మాట్లాడు" అన్నారు. సరే అన్నాను గానీ, ఆ "వింత" అనే మాట దగ్గరే రెండు రోజులు ఆగిపోయాను. అందుకే మొదట ఒక విందు సంగతి చెప్తాను.

పోయిన చలికాలంలో నోయిడాలో ఒక స్నేహితురాలి ఫ్లాట్‌లో పన్నెండు మందిమి కలిశాం. అందరూ పరిశోధకులో, కొత్తగా ఉద్యోగంలో చేరిన అధ్యాపకులో. షరతు ఒకటే: ఎవరి ఊరి తిండి వాళ్లు తేవాలి, మిగతావాళ్లు ఎప్పుడూ తిననిదై ఉండాలి. ఒడిశా మయూర్‌భంజ్ నుంచి వచ్చిన ఆదివాసీ మిత్రుడు ఎర్రచీమల పచ్చడి తెచ్చాడు. 2024 జనవరిలో భౌగోళిక గుర్తింపు వచ్చింది చూడండి, సిమిలీపాల్ కాయి చట్నీ, అదే. నాగాలాండ్ మిత్రురాలు అఖునీ వేసి వండిన పందికూర తెచ్చింది. చీమల పచ్చడిని చెంచా కొసతో తీసుకుని, కళ్లు మూసుకుని తిని, చప్పట్లు కొట్టి, ఫోటోలు తీసుకున్నారు.

నేనేం తీసుకెళ్లానో చెప్పనా? సర్వపిండి. బియ్యప్పిండి, పల్లీలు, నువ్వులు. ఎవరికీ అభ్యంతరం లేని తిండి. అందరూ బాగుందన్నారు, ఎవరూ ఫోటో తియ్యలేదు.

నా గదిలో ఆ రోజుకి అవ్వ పంపిన తునకలు ఉన్నాయి. మూడు పొరల ప్లాస్టిక్ కవర్లో చుట్టి, దాని మీద పాత చీరముక్క కట్టి, సూట్‌కేసు అడుగున పెట్టి ఉన్నాయి. మా ఇంటి పాత తిండి అంటే అదే. అది తేవాలని నాకు తెలుసు. తేలేదు. ఎందుకు తేలేదన్నదే ఇవాళ్టి నా ప్రసంగం అనుకోండి.

తునకలు తెలియనివాళ్లు ఇక్కడ ఇద్దరు ముగ్గురైనా ఉంటారు, వాళ్ల కోసం చెప్తాను. ఊళ్లో పెద్దకూర కోసిన రోజు అందరూ కుప్పలు పంచుకుంటారు. అన్నీ ఒక్కరోజులో తినలేం, మాకు ఫ్రిజ్‌లు ఉండేవి కావు. కాబట్టి మాంసాన్ని పొడుగ్గా, వేలు మందాన చీరుతారు. మా అవ్వ కత్తిపీట ముందు కూర్చుని, ముక్క తెగకుండా అటు తిప్పి ఇటు తిప్పి చీరితే ఒక్కో పోగు మూరెడు వచ్చేది. ఉప్పు, పసుపు పట్టించి దండెం మీద ఆరేస్తారు. మూడు నాలుగు రోజులు ఎండాలి. కాకులను కొట్టే పని పిల్లలది, అంటే నాది. గలగలా మోగేంతగా ఎండాక కుండలో పోసి మూత కట్టేస్తారు. వానాకాలంలో కూలి దొరకని రోజుల్లో నాలుగు తునకలు తీసి, నిప్పుల మీద కాల్చి, రోట్లో దంచి, గోంగూరలోనో చింతచిగురులోనో వేస్తే ఇంటిల్లిపాదికీ సరిపోయేది. నాలుగు తునకలు పదిమంది గటకకు రుచి ఇస్తాయి. మాంసం తినడమంటే ముద్దకో ముక్క అనుకునేవాళ్లకి ఈ లెక్క అర్థం కాదు.

మరాఠ్వాడాలో ఇదే పదార్థాన్ని చాన్యా అంటారు. శాహూ పాటోళే 2015లో మరాఠీలో 'అన్న హే అపూర్ణబ్రహ్మ' అని ఒక పుస్తకం రాశారు. అన్నం పూర్ణబ్రహ్మం అన్న మాటను తిరగేసి పెట్టిన పేరు అది. 2024లో అది 'దళిత్ కిచెన్స్ ఆఫ్ మరాఠ్వాడా' పేరుతో ఇంగ్లీషులో వచ్చింది. అంతకుముందు 2009లోనే పుణె విశ్వవిద్యాలయంలో శర్మిలా రేగే, ఆమె సహచరులు, విద్యార్థులు కలిసి దళితుల తిండి జ్ఞాపకాల మీద ఒక పుస్తకం తెచ్చారు. మన దగ్గర అలాంటి పుస్తకం ఎవరు రాస్తారు? ఇక్కడ సోషియాలజీ, తెలుగు, చరిత్ర చదివే పిల్లలు ఇంతమంది ఉన్నారు, అడగాలనిపించింది, అడిగాను.

ఇక నా పిరికితనం సంగతి. మునీర్కాలో నేను మొదట అద్దెకు ఉన్న గదిలో ఒక ఆదివారం తునకలు కాల్చాను. కిటికీ తెరిచే కాల్చాను. గంటలో ఇంటి యజమాని పైకి వచ్చాడు. ఏం వండుతున్నావని అడగలేదు, "మీరెవరు?" అని అడిగాడు. ఊరు చెప్పాను. "అది కాదు, మీరెవరు?" అన్నాడు. నెల తిరక్కుండానే ఖాళీ చేశాను. ఆ రోజు నుంచి కాల్చడం మానేసి నానబెట్టి వండుతున్నాను. రుచి సగం పోతుంది, వాసన కూడా సగం పోతుంది.

ఈ అనుభవం నా ఒక్కదానిదే అనుకుంటూ ఉండగా హుమాయూన్‌పూర్ వెళ్లాను. సఫ్దర్‌జంగ్ ఎన్‌క్లేవ్ పక్కన, పెద్ద ఇళ్ల మధ్య ఇరుక్కుపోయిన పాత ఊరు అది. ఇప్పుడక్కడ సందుకో నాగా, మణిపురి హోటల్. సోయా గింజలు ఉడకబెట్టి, ఆకుల్లో చుట్టి, పొయ్యి దగ్గర కొన్ని రోజులు పులియబెడితే అఖునీ అవుతుంది. సుమీ నాగాల తిండి. దాని వాసన గురించి 2007లో ఢిల్లీ పోలీసులు ఏకంగా పుస్తకమే వేశారు! ఈశాన్య రాష్ట్రాల విద్యార్థులకు భద్రతా సూచనలట. వెదురు కొమ్ములు, అఖునీ లాంటి వాసన వచ్చే వంటలు ఇరుగుపొరుగున గొడవ కాకుండా వండుకోవాలని అందులో ఉంది. భద్రత ఎవరికో, ఎవరి నుంచో చూడండి. 2019లో నికొలస్ ఖర్కోంగోర్ తీసిన 'అఖునీ' సినిమా చూసినవాళ్లకు తెలుసు, పెళ్లి కోసం ఒక్క కూర వండటానికి ఆ పిల్లలు ఢిల్లీలో చోటు వెతుక్కుంటూ ఎంత తిరుగుతారో.

ఇప్పుడు అదే హుమాయూన్‌పూర్‌కి వీకెండ్‌లో క్యూలు. మంచిదే, హోటల్ నడిపేవాళ్ల బతుకు గడుస్తుంది. కానీ అక్కడ అఖునీ తిని వీడియో పెట్టిన కుర్రాడి ఇంటి మేడ మీద గది ఖాళీగా ఉందనుకుందాం. ఆ హోటల్లో వంట చేసే అమ్మాయికి అతని ఇంట్లోవాళ్లు ఆ గది అద్దెకిస్తారా? బెల్ హుక్స్ 1992లో 'బ్లాక్ లుక్స్' పుస్తకంలో, పరాయివాళ్లను "తినడం" గురించి ఒక వ్యాసం రాశారు. చప్పిడి కూడుకి మసాలా కావాల్సి వచ్చినప్పుడు పరాయివాళ్ల సంస్కృతి పనికొస్తుంది అన్నది ఆమె వాదన సారం. వాళ్ల అమెరికాలో రాసిన మాట మన సఫ్దర్‌జంగ్‌లో ఇంత సరిగ్గా అతుకుతుందని నేననుకోలేదు.

పాత ఢిల్లీ సంగతి ఇంకా సరదా. జామా మసీదు సందుల్లో నిహారీ తినిపించే ఫుడ్ వాక్‌లు ఉన్నాయి కదా, నేనూ ఒకసారి వెళ్లాను. దుకాణంలో "బడే కా" అన్నారు. నాకు నవ్వొచ్చింది. బడే కా అంటే పెద్దది, మన పెద్దకూర! హైదరాబాదులోనూ అదే మాట. రెండు భాషలూ ఆ జంతువు పేరు నోటితో అనకుండా తప్పించుకోవడానికి ఒకే దారి వెతుక్కున్నాయి. పేరు చెప్పకుండా తినడం మనవాళ్లు ఇక్కడికి రాకముందే నేర్చుకున్న విద్య.

పేరు చెప్తే ఏమవుతుందో కూడా ఈ ప్రాంతం చూపించింది. 2015 సెప్టెంబరు 28 రాత్రి, గ్రేటర్ నోయిడా దగ్గర దాద్రీ పక్కన బిసాహ్డా గ్రామంలో మొహమ్మద్ అఖ్లాక్‌ను ఇంట్లోంచి లాగి కొట్టి చంపారు. మనిషిని చంపాక మాంసాన్ని పరీక్షకు పంపారు. ఆ తర్వాతి నెలలోనే జంతర్ మంతర్ దగ్గరున్న కేరళ హౌస్ క్యాంటీన్‌కి పోలీసులు వెళ్లారు, బీఫ్ వడ్డిస్తున్నారని ఫిర్యాదు వచ్చిందని. అది గేదె మాంసమని కేరళ ప్రభుత్వం చెప్పింది, ముఖ్యమంత్రి ఊమెన్ చాందీ నిరసన తెలిపారు. వెనక ఒక రాష్ట్ర ప్రభుత్వం ఉంది కాబట్టి ఆ కూర రెండు మూడు రోజుల్లో తిరిగి మెనూలోకి వచ్చింది. అఖ్లాక్ వెనక ఎవరున్నారు?

మన ఆంధ్రా భవన్‌లో కూడా క్యూలే. పప్పు, పులుసు, గన్‌పౌడర్, నెయ్యి, పక్కన మటన్ ఫ్రై. నేనూ తింటాను, దాచుకోవడమెందుకు. ఢిల్లీవాళ్లకు తెలుగు భోజనం అంటే అదే. మన మాదిగ, మాల వాడల్లో వండే బోటి, నల్ల, తునకలు ఆ పళ్లెంలో లేవు, ఎవరూ లేవని అడగరు కూడా. 2020 ఫిబ్రవరిలో నేషనల్ మ్యూజియంలో సింధు నాగరికత నాటి వంటలు రుచి చూపించే కార్యక్రమం పెట్టి, చివరి నిమిషంలో మాంసం వంటకాలు తీసేశారు. హరప్పా తవ్వకాల్లో పశువుల ఎముకలు కుప్పలుగా దొరికాయి. ఎముకలు మ్యూజియంలో ఉండొచ్చు, ముక్కలు ఉండకూడదు.

విశ్వవిద్యాలయాల చరిత్ర మీకు తెలిసిందే, త్వరగా చెప్పేస్తాను. 2012 ఏప్రిల్ 15న ఉస్మానియాలో బీఫ్ ఫెస్టివల్, దాని మీద దాడి. అదే ఏడాది సెప్టెంబరులో జేఎన్‌యూలో బీఫ్, పోర్క్ ఫెస్టివల్ తలపెడితే ఢిల్లీ హైకోర్టు జరగనివ్వొద్దంది. 2022 ఏప్రిల్‌లో శ్రీరామనవమి రోజు కావేరి హాస్టల్ మెస్సులో చికెన్ మీద గొడవ, తలలు పగిలాయి. పెద్దకూర నుంచి చికెన్ దాకా రావడానికి పదేళ్లు పట్టింది.

ఒక చిక్కు ముడి గురించి కూడా మాట్లాడాలి. మనలో కొందరు, తిండే మన విముక్తి అన్నట్టు మాట్లాడతారు. నాకు అంత సులువుగా మింగుడుపడదు. 1927లో మహాడ్‌లో బాబాసాహెబ్ చచ్చిన గొడ్డు మాంసం మానెయ్యండని చెప్పారు. హైదరాబాదులో భాగ్యరెడ్డి వర్మ జంతుబలులకు, మద్యానికి వ్యతిరేకంగా పనిచేశారు. అదే బాబాసాహెబ్ 1948లో 'ది అన్‌టచబుల్స్' రాసి, గొడ్డుమాంసం తినడానికీ అంటరానితనానికీ ఉన్న సంబంధాన్ని చరిత్రలోంచి తవ్వి తీశారు. ఆయనకు ఈ రెండింటి మధ్య వైరుధ్యం లేదు. చచ్చిన గొడ్డును మోయించి, అదే తినేలా చేసిన కట్టుబాటు మీద ఆయన కోపం. మా తాత ఆ గొడ్డును మోసినవాడే. మా తాతకు దొరికిన మాంసం, మా అవ్వ డబ్బిచ్చి కొన్న మాంసం ఒకటి కావు. ఈ తేడా మర్చిపోయి "మా సంస్కృతి" అని జెండా ఎగరేస్తే, మోసిన భుజాన్ని కూడా సంస్కృతి అనాల్సి వస్తుంది.

ఆ నోయిడా విందు అయ్యాక అవ్వకు ఫోన్ చేసి జరిగింది చెప్పాను. తునకలు తీసుకెళ్లనందుకు తిడుతుందనుకున్నా. కాసేపు ఆలోచించి, "ఆళ్లు తిందామని పిలిచిన్రా బిడ్డా, సూద్దామని పిలిచిన్రా?" అంది. నాకు జవాబు రాలేదు. "సూద్దామనుకునెటోళ్లకు పెట్టకు. ఆకలైనోళ్లు ఉంటె పెట్టు, గోంగూర ఎక్కువెయ్యి" అంది. తర్వాత బస్సు ఛార్జీలు పెరిగిన సంగతి చెప్పింది.

నాగా మిత్రురాలికి ఈ మాట చెప్తే ఆమె నవ్వింది. తను కూడా ఆ రోజు అఖునీ సగమే వేసిందట! మా ఊళ్లో తొలకరికి దీపం కింద పళ్లెంలో నీళ్లు పెట్టి ఉసిళ్లు పట్టి వేయించుకుంటామని చెప్పాను. వాళ్ల దగ్గర ఆముదపు ఆకు తినే పట్టుపురుగును వండుకుంటారని తను చెప్పింది. వింత అనే మాట మా ఇద్దరి మధ్య ఒక్కసారి కూడా రాలేదు.

కాబట్టి ఒక ప్రతిపాదన. వచ్చే నెల రెండో ఆదివారం మనమే వండుకుందాం. నేను తునకలు తెస్తాను, తను అఖునీ తెస్తుంది. తాజా మాంసం కూడా కావాలి. 1994 నాటి ఢిల్లీ చట్టం ఆవు, దూడ, ఎద్దు, గిత్తలకు వర్తిస్తుంది, గేదెకు వర్తించదు. బయటి నుంచి తెచ్చుకున్న మాంసానికి కూడా ఆ చట్టం ఉంది, నిరూపించుకోవాల్సిన భారం మన మీదే. అందుకే అవ్వను ముందే అడిగాను, తునకలు బర్రెవే. ఇక్కడ కొనేది లైసెన్సు ఉన్న దుకాణంలో కొని బిల్లు తీసుకుంటాను, ఆ బిల్లు వంట అయ్యేదాకా నా జేబులోనే ఉంటుంది. ఫోటోలు తీసుకోవాలనుకునేవాళ్లు ముందు ఉల్లిగడ్డలు కొయ్యాలి. ఐదు కిలోలున్నాయి, పొద్దున తొమ్మిదికల్లా వచ్చెయ్యండి. కిటికీలు తెరిచే ఉంచుతాం, ఈసారి తునకలు కాలుస్తాను.