తల్లి కాటాలో పిల్ల చెయ్యి

(విజయవాడ బెంజ్ సర్కిల్ దగ్గర జరిగిన దళిత సంఘాల కార్యకర్తల సమావేశంలో మేం చేసిన ప్రసంగం పాఠం)



మీరు చేసే ఉద్యోగం గురించి నాలుగు మాటలు చెప్పండని సంఘం వాళ్ళు మమ్మల్ని పిలిచారు. చెప్పటం తేలికేం కాదు. మా అమ్మలకే ఇంతవరకు అర్థం కాలేదు. "ఏం పన్రా మీది?" అంటే "పాలసీ రీసెర్చ్" అంటాం. "అయితే పాలసీలు కట్టిస్తారా, మాకూ ఒకటి కట్టించండి" అంటారు. ఎల్‌ఐసీ పాలసీ కాదమ్మా, సర్కారు పాలసీ అని చెప్తే ఇంకా అయోమయం.

మేం పిల్లల రక్షణ కోసం పెట్టిన ఒక స్వచ్ఛంద సంస్థలో జీతానికున్నాం. పిల్లల్ని పనిలోంచి, రోడ్డు మీంచి తెచ్చి అన్నం పెట్టి చదివించేవాళ్ళు వేరే ఉన్నారు. ఈ విజయవాడలో నవజీవన్ బాలభవన్ 1989 నుంచి ఆ పని చేస్తోంది. మా పని కాగితం పని. ఎంతమంది పిల్లలు పనిలో ఉన్నారు, ఎందుకున్నారు, చట్టం ఏమంటోంది, సర్కారు ఏం మార్చాలి, ఇవన్నీ రాసి అమరావతికో ఢిల్లీకో పంపుతాం. మరి ఈ కాగితాల గోల మన పల్లెకెందుకు? మన పిల్లలు మాయమైంది ఆ కాగితాల మీదే కాబట్టి.

ఎట్లా మాయమయ్యారో చూడండి. 2001 జనాభా లెక్కల్లో అయిదేళ్ళ నుంచి పద్నాలుగేళ్ళ లోపు పనిచేసే పిల్లలు దేశంలో 1 కోటి 26 లక్షల మంది. 2011 లెక్కలకొచ్చేసరికి వాళ్ళు 43 లక్షల 53 వేలకు తగ్గారని కేంద్ర కార్మిక శాఖ చెప్పుకుంది. పదేళ్ళలో మూడింట రెండొంతుల మంది బడికి పోయారన్నమాట! ఎంత సంతోషం! కానీ ఆ పట్టిక దగ్గరగా చూస్తే సంగతి తెలుస్తది. జనాభా లెక్కలవాళ్ళు పనిచేసేవాళ్ళని రెండు గడుల్లో రాస్తారు. ఏడాదిలో ఆరు నెలలు, అంతకు పైన పనిచేస్తే ప్రధాన కార్మికులు. ఆరు నెలల కంటే తక్కువైతే ఉపాంత కార్మికులు. 2001 నాటి 1 కోటి 26 లక్షల్లో రెండు గడులూ కలిపారు. 2011 నాటి 43 లక్షల్లో మొదటి గడి ఒక్కటే. రెండో గడి కూడా కలిపితే 1 కోటి 1 లక్ష. తగ్గింది నిజమే, ఎవరూ కాదనరు. తగ్గింది పాతిక లక్షలైతే చూపించింది 82 లక్షలు. ఆ తేడాలో 57 లక్షల మంది పిల్లలున్నారు.

వాళ్ళెవరు? ఆరు నెలలకు తక్కువ పనిచేసేదెవరు? నాట్లకు, కలుపుకు, పత్తి తీతకు, మిరప కోతకు పోయే పిల్లలు. మన పనంతా సీజను పనే కదా. భూమి ఉన్నోడికి ఏడాది పొడుగునా పని, భూమి లేనోడికి కోతలప్పుడే పని. అంటే తీసి పక్కన పెట్టిన గడి మన పల్లె గడి.

ఈ హాల్లోంచి బయటికెళ్తే బెంజ్ సర్కిల్. మద్రాసు కలకత్తా రోడ్డూ, హైదరాబాదు బందరు రోడ్డూ ఇక్కడే కలుస్తాయి. పైన ఫ్లైఓవర్లు వేశారు. కింద ఎర్రలైటు పడితే పిల్లలు గుడ్డలు, బొమ్మలు పట్టుకుని కార్ల చుట్టూ తిరుగుతారు. బందరు రోడ్డున కొంచెం ముందుకెళ్తే ఆటోనగర్, అక్కడ లారీ కింద స్పానర్ పట్టుకుని పడుకున్న పిల్లోడు కనపడతాడు. వీళ్ళు కనపడే పిల్లలు. ఫొటో తీయొచ్చు, పేపర్లో వెయ్యొచ్చు, దాతకు పంపొచ్చు. ఆ పిల్లలకు అన్నం వద్దని మేం అనటం లేదు. కానీ డబ్బూ, కెమెరా, అధికారుల తనిఖీ అన్నీ సర్కిల్ దగ్గరే తిరుగుతుంటే చేలో ఉన్న పిల్లని ఎవరు చూస్తారు? నందిగామ, తిరువూరు వైపు గానీ, కృష్ణ దాటి పల్నాడు వైపు గానీ వెళ్ళి మిరప కోతల్లో చూడండి. కర్నూలు నుంచి, పాలమూరు నుంచి కుటుంబాలకు కుటుంబాలు వచ్చి చేలల్లోనే గుడారాలు వేసుకుంటాయి. కూలి రోజుకింత అని కాదు, కేజీకింత. సాయంత్రం కాటా పెడతారు. కాటా మీద ఒకటే సంచి, తల్లి సంచి. రాసుకునేది ఒకటే పేరు, తల్లి పేరు. ఆ సంచిలో పదేళ్ళ పిల్ల కోసిన కాయలెన్నో, ఏడేళ్ళ పిల్లోడు ఏరినవెన్నో కాటా చెప్పదు. రైతు నడిగితే "మేం పిల్లల్ని పెట్టుకోలేదండీ" అంటాడు. అబద్ధం కూడా కాదు. అతను పిల్లకు కూలివ్వలేదు. రొయ్యల షెడ్డులో కేజీ లెక్కన తొక్క తీయించినా ఇదే కథ. పని జరిగింది, పిల్ల చెయ్యి నొచ్చింది, రికార్డులో మాత్రం పిల్ల లేదు.

దీనికి చట్టం కూడా ఒక తలుపు తెరిచిపెట్టింది. 1986 బాలకార్మిక చట్టాన్ని 2016లో సవరించారు. పద్నాలుగేళ్ళ లోపు పిల్లల్ని ఏ పనిలోనూ పెట్టకూడదన్నారు. మంచిదే. పెట్టుకున్న యజమానికి ఆరు నెలల నుంచి రెండేళ్ళ దాకా జైలు, లేదా ఇరవై వేల నుంచి యాభై వేల దాకా జరిమానా, లేదా రెండూ అన్నారు. అదీ మంచిదే. కానీ బడి అయ్యాక, సెలవుల్లో, ప్రమాదకరం కాని పనిలో కుటుంబానికి సాయం చెయ్యొచ్చన్నారు. కుటుంబం అంటే అమ్మానాన్న, అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ళతో పాటు మేనత్త, బాబాయి, మేనమామ, పిన్ని కూడానట. మన పల్లెలో ఇక మిగిలిందెవరు? డాక్టరు గారి పిల్ల సాయంత్రం ఆసుపత్రిలో తండ్రికి సాయం చేస్తే దాన్ని ముచ్చట అంటారు. మన పిల్ల తండ్రికి సాయం చేస్తే అది కులవృత్తిలోకి అడుగు పెట్టడం. చట్టం రాసినవాళ్ళకు ఈ రెండూ ఒకటిగానే కనపడ్డాయి.

అయితే కాగితం పని ఎప్పుడూ మనకు ఎదురే తిరగదు. పత్తి విత్తనాల సంగతి మీలో కొందరికి గుర్తుండే ఉంటది. కర్నూలు, మహబూబ్‌నగర్ జిల్లాల్లో హైబ్రిడ్ పత్తి విత్తనం చేస్తారు. ఒక్కో పువ్వుకూ చేత్తో క్రాసింగ్ చెయ్యాలి, అదీ రోజూ, నెలల తరబడి. ఆ పనికి ఆడపిల్లల్ని పెట్టారు. తల్లిదండ్రులకు ముందే అడ్వాన్సు ఇచ్చి పిల్లని సీజనంతా కట్టేసుకున్నారు. ఎక్కువమంది దళిత, గిరిజన, బీసీ పిల్లలే. పెద్ద పెద్ద విత్తన కంపెనీలను అడిగితే, పిల్లల్ని పెట్టింది రైతులు, మాకేం సంబంధం అన్నాయి. దావులూరి వెంకటేశ్వర్లు అనే పరిశోధకుడు ఊరూరా తిరిగి లెక్క తీశాడు. 2003లో ఒక రిపోర్టు, 2005లో ఇంకొకరితో కలిసి మరో రిపోర్టు వచ్చాయి. ఆ రిపోర్టుల్లో జాలి మాటలు తక్కువ, కూడికలు తీసివేతలు ఎక్కువ. కంపెనీ రైతుకిచ్చే ధర ఎంత, అందులో కూలి ఖర్చెంత, పెద్దవాళ్ళకు పెద్దకూలి ఇస్తే రైతుకేం మిగులుద్ది అని లెక్క వేస్తే, కంపెనీ కట్టిన ధరలోనే పిల్లల కూలి దాక్కుని ఉందని తేలింది. దాంతో కంపెనీలకు చేతులు కడుక్కోవటం కుదరలేదు. మాట్లాడటానికి కూర్చున్నాయి. పిల్లల్ని పెట్టని రైతుకు ధర కొంచెం పెంచుతామని కొన్ని ఒప్పుకున్నాయి. సమస్య తీరిపోలేదు, ఆ విత్తనం పని ఇంకో జిల్లాకూ ఇంకో రాష్ట్రానికీ కదిలింది. అయినా, 'తల్లిదండ్రులకు బుద్ధి లేదు' అన్న మాట పోయి 'రేటు ఎవరు కట్టారు' అన్న ప్రశ్న వచ్చింది.

మన మిరప చేలో, రొయ్యల షెడ్డులో మేం అడగమంటున్నదీ ఈ ప్రశ్నే. తల్లి ఒక్కతే కోస్తే రోజుకు ఎన్ని కేజీలు? ఆ కేజీల డబ్బుతో ఇల్లు గడుస్తదా? గడవకపోతే కేజీ రేటు కట్టినోడే పిల్లని చేలోకి పిలిచాడు. వాడు పిలిచినట్టు ఎక్కడా సంతకం ఉండదు, అంతే.

ఇంకొక మాట మా ఆఫీసుల లోపలి సంగతి. మేం ఇంతకు ముందు పనిచేసిన ఒక చోట ప్రశ్నల ఫారంలో కులం గడి పెట్టాం. మాల, మాదిగ, యానాది అని విడివిడిగా రాసుకున్నాం. రిపోర్టు అచ్చయి వచ్చేసరికి ఆ గడి లేదు. 'బలహీన కుటుంబాలు' అని ఉంది. ఏమంటే, కులం అని రాస్తే డబ్బిచ్చే దేశాలవాళ్ళకు అర్థం కాదన్నారు. అర్థం కాకపోతే అర్థమయ్యేట్టు చెప్పాలి గానీ గడే పీకేస్తారా? గేదెలు కాసే పిల్లోడు ఎవరి గేదెలు కాస్తున్నాడో, ఏ పల్లె నుంచి పోతున్నాడో చెప్పకుండా పేదరికం పేదరికం అంటే, పేదరికమేదో వరదలాగా ఆకాశంలోంచి పడినట్టుంటది. ఎస్సీ అని ఒక్క మాట రాసి ఊరుకోవటమూ చాలదు. వర్గీకరణ మీద 2024 ఆగస్టు 1న వచ్చిన సుప్రీంకోర్టు తీర్పు కూడా లెక్కల ఆధారంతోనే చెయ్యమంది. ఆ లెక్క తీసేటప్పుడు ఎవరి పల్లె వాళ్ళు గట్టిగా నిలబడి రాయించుకోవాలి.

లెక్క మనకు కొత్తేం కాదు. 1882లో హంటర్ కమిషన్ ముందు మహాత్మా ఫూలే, రైతులు, కూలీలు కట్టే పన్నుతో పైకులాల చదువు సాగుతోందని చూపించి, కనీసం పన్నెండేళ్ళ దాకా పిల్లలందరికీ చదువు తప్పనిసరి చెయ్యమన్నాడు. 1928లో బాబాసాహెబ్ సైమన్ కమిషన్‌కు ఇచ్చిన రెండు వినతిపత్రాల్లో ఒకటి మొత్తం బొంబాయి రాష్ట్రంలో అంటరాని పిల్లల చదువు గురించే. ఉపన్యాసం కాదది, అంకెలు. మన వాడల్లో బాబాసాహెబ్ విగ్రహం చేతిలో పుస్తకం ఉంటది, ఆ పుస్తకంలో ఇట్లాంటి పట్టికలు కూడా ఉన్నాయని మనం మర్చిపోకూడదు.

ఇక మీ చేతిలో ఉన్న పని. వచ్చే జనాభా లెక్కలకు 2027 మార్చి 1 తేదీ ఆధారమని, అందులో కులం కూడా రాస్తారని 2025లో ప్రకటించారు. 2011 తర్వాత ఇదే మొదటిది. లెక్కలాయన బండి ఊరి సెంటర్లో ఆగుద్ది. పల్లెలోకి పగలు పదకొండింటికి వస్తే ఇళ్ళకు తాళాలే ఉంటాయి. పొద్దున్నే రమ్మని అడగండి, వెంట ఒక మనిషి నడవండి. "పిల్ల పని చేస్తదా?" అని అడిగితే ఏ తల్లయినా "లేదండీ, ఇంట్లోనే ఉంటది" అంటది. అందుకే అట్లా అడగనివ్వొద్దు. ఏడాదిలో ఏ ఏ కోతలకు పోయింది, ఎన్ని రోజులు పోయింది అని అడిగించండి.

అంతకు ముందు మన లెక్క మనం రాసుకుందాం. ఒక లాంగ్ నోటుబుక్కు చాలు. "నిన్న పొద్దున లేచినకాడి నుంచి పడుకునేదాకా పిల్ల ఏం చేసింది?" అదొక్కటే ప్రశ్న. చంటోణ్ణి ఎవరు ఎత్తుకున్నారో కూడా అడగండి, తల్లి చేలోకి పోతే ఇంట్లో తొమ్మిదేళ్ళ పిల్లే తల్లి. బడి రిజిస్టర్లో పేరున్నంత మాత్రాన పిల్ల బడిలో ఉన్నట్టు కాదు. ఎం.వి. ఫౌండేషన్ వాళ్ళు 1991 నుంచి రంగారెడ్డి జిల్లాలో పనిచేస్తూ, బడిలో లేని ప్రతి పిల్లా బాలకార్మికురాలే అన్నారు. ఆ మాట మనం కూడా పట్టుకోవాలి, కాకపోతే దాని పక్కన తల్లి కూలి ఎంతో కూడా రాయాలి.

"నిజం చెప్తే తల్లికి వందనం డబ్బు పోద్దేమో, పోలీసులు మమ్మల్నే పట్టుకుంటారేమో" అని అక్కలు భయపడతారు. ఆ భయం ఊరికే పుట్టింది కాదు. 75 శాతం హాజరు నిబంధన ఉంది, ఎవరూ కాదనలేరు. చట్టం మాత్రం మొదటిసారి తల్లిదండ్రులను శిక్షించదు, రెండోసారయితే పదివేల దాకా జరిమానా. కాబట్టి ఆ నోటుబుక్కులో పిల్లల పేర్లు రాయొద్దు. ఇంటికి ఒక నంబరు పెట్టుకోండి, ఏ నంబరు ఎవరిదో మీ సంఘానికి మాత్రమే తెలియాలి. మాకు ఇచ్చేటప్పుడు కూడా నంబర్లే ఇవ్వండి. ఏ పిల్లనైనా కొడుతున్నారనో, కట్టేశారనో, ఇంకేదైనా ఘోరం జరుగుతోందనో తెలిస్తే మాత్రం లెక్క కోసం ఆగొద్దు, వెంటనే 1098కి ఫోన్ చెయ్యండి.

నోటుబుక్కులు వెనక బల్ల మీద పెట్టాం. పల్లెకొకటి తీసుకెళ్ళండి. సంక్రాంతి పోయాక మిరప కోతలు జోరందుకుంటాయి. ఆ లోపు ఒకసారి, కోతల మధ్యలో ఒకసారి, అదే ఇళ్ళకు అదే ప్రశ్నతో వెళ్ళండి. కాటా పెట్టే చోట కేజీకి ఎంత కట్టారో కూడా ఆ పేజీలోనే పైన రాయండి.