పన్ను మీద గుంటలు – తల్లి తప్పు కాదు



పిల్ల పుట్టింది. బట్ట రాసుకుంటే చాలు, ఒంటిమీద బొబ్బలు లేస్తున్నాయి. కొన్ని నెలలకు మొదటి పన్ను వచ్చింది. పన్ను మీద చిన్న చిన్న గుంటలు! చూసినవాళ్లు ఏమంటారు? "అమ్మవారు సోకింది" అంటారు. "కడుపుతో ఉండగా తల్లి తినరానిది తిన్నది" అంటారు.

రెండూ నిజం కాదు. ఇది పుట్టుకతో వచ్చే చర్మ జబ్బు. పేరు ఎపిడెర్మోలైసిస్ బులోసా. ఇది అంటుజబ్బు కాదు. పిల్లను ఎత్తుకుంటే ఎవరికీ రాదు.

మన చర్మానికి పై పొర, లోపలి పొర ఉంటాయి. రెంటినీ జిగురులాంటి పదార్థం పట్టి ఉంచుతుంది. ఈ జబ్బులో ఒక రకం వారికి ఆ జిగురు సరిగా తయారు కాదు. పొరలు విడిపోయి బొబ్బలు లేస్తాయి.

మరి పంటికేం సంబంధం? పన్ను చిగురు లోపల ఉండగానే దానిమీద గట్టి పూత పడుతుంది. అదే ఎనామెల్. ఒంట్లో అన్నిటికన్నా గట్టిది అదే. ఆ పూత వేసే కణాలకూ ఆ జిగురే పట్టు. పరంజా కదులుతుంటే మేస్త్రీ గిలాబు సమంగా వేయగలడా? ఇదీ అంతే. పూత పలచనవుతుంది. గుంటలు పడతాయి. గుంటల్లో తిండి చేరి పన్ను త్వరగా పుచ్చిపోతుంది. పోయిన ఎనామెల్ మళ్లీ పెరగదు.

నల్లగొండ వైపు ఫ్లోరైడ్ నీళ్ల వల్ల పళ్ల మీద మచ్చలు వస్తాయి. అది వేరు, ఇది వేరు. అది తాగే నీటి నుంచి వస్తుంది. ఇది పుట్టుకతో వస్తుంది.

ఈ రకం జబ్బు తల్లి ఒక్కదాని వల్ల రాదు. లోపం అమ్మలోనూ నాన్నలోనూ దాగి ఉంటుంది. వాళ్లకు బొబ్బలు రావు. ఇద్దరి నుంచీ అందితేనే బిడ్డకు వస్తుంది. అలాంటి దంపతులకు ప్రతి కాన్పులోనూ 4 పాళ్లలో 1 పాలు ఆ అవకాశం ఉంటుంది. మేనరికాల్లో ఇలా జరగడం ఎక్కువ.

ఈ జబ్బును పూర్తిగా నయం చేసే మందు ఇంకా లేదు. కాని పళ్లను కాపాడుకోవచ్చు.

మొదటి పన్ను రాగానే పళ్ల డాక్టరుకు చూపాలి. బొబ్బల సంగతి ముందే చెప్పాలి. అప్పుడు ఆయన నోటిని మెల్లగా పట్టుకుంటారు. అవసరమైతే పళ్లకు తొడుగులు వేస్తారు.

ఇంట్లో చిన్న మెత్తని బ్రష్షుతో నెమ్మదిగా తోమాలి. బొగ్గు, ఇటుక పొడి వద్దు. తిన్నాక నీళ్లు పుక్కిలించాలి. చక్కెర పాల సీసా నోట్లో పెట్టి పడుకోబెట్టవద్దు. జంతికల్లాంటి గట్టివి నోట్లో బొబ్బలు లేపుతాయి.

మీ ఊళ్లో ఇలాంటి బిడ్డ ఉంటే తల్లిని నిందించకండి. ఆమెకు తోడుగా ఆసుపత్రికి వెళ్లండి.